నీళ్ళు ఎక్కేదాకా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పన్నెండు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క రాత్రిలో అయిపోయాయి. చదివించే గుణం నీ రాతలో ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మూడు రోజులు పట్టింది. "ఈ కథలు మీకు ఎలా తడతాయి, ఎలా రాస్తారు?" అని అడిగావు. మీరిప్పుడు పారానార్మల్ రొమాన్స్ అంటున్నదాన్ని మేము రాసే రోజుల్లో ఉత్త దెయ్యం కథ అనేవాళ్ళు. అందులో ప్రేమ ఉంటే అది కూడా దెయ్యం ఖాతాలోకే పోయేది. పేరు ఏదైతేనేం, నాకు తెలిసింది నీ నవల పక్కన పెట్టుకునే చెప్తాను.

భీమిలి ఎంచుకోవడం బాగుంది. సముద్రం గాలికి ఆ డచ్చి సమాధుల మీద అక్షరాలు అరిగిపోవడం నువ్వు రాసిన తీరు చూస్తే, అక్కడికి ఒక్కసారి వెళ్ళొచ్చి రాసింది కాదని అర్థమైంది. ఐదో అధ్యాయంలో నీ కథలో అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లిస్తుంది. తీరా చూస్తే గట్టు మీద రెండు గ్లాసులుంటాయి. రెండోది తనే తీసింది, తనే కాఫీ పోసింది, తనే కడిగింది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. భయం, ప్రేమ ఒకే గ్లాసులో పోశావు. ఇంత రాయగలిగినదానివి మిగతా చోట్ల ఎందుకు తొందరపడ్డావు?

నీ కథానాయకుడితోనే, చచ్చి ఆత్మైన ఆ డచ్చి కుర్రవాడితోనే నాకు పేచీ. గోడలోంచి వస్తాడు. అమ్మాయి మనసులో మాట వింటాడు. ఆమెని ఏడిపించిన మేనేజర్ని లిఫ్టులో హడలగొడతాడు. లారీ కింద పడబోతుంటే ఆపుతాడు. అన్నీ చేతనైనవాడి మీద నాకు జాలి కలగలేదమ్మా, జాలి కలగని చోట ప్రేమ కూడా కలగలేదు. వాడికి ఏం చేతకాదో నువ్వు ఎక్కడా చెప్పలేదు.

మన పాత కథలు ఒకసారి తిరగెయ్యి. ఊర్వశీ పురూరవులున్నారు. ఋగ్వేదం పదో మండలంలోనే వాళ్ళ సంవాదం ఉంది. శతపథ బ్రాహ్మణం చెప్పే కథలో ఊర్వశి ఒక షరతు పెడుతుంది: నువ్వు నాకు నగ్నంగా కనబడకూడదు. ఆమె మంచానికి కట్టుకున్న గొర్రెపిల్లల్ని గంధర్వులు రాత్రిపూట ఎత్తుకుపోతారు. ఇక్కడ మగవాడే లేడా అని ఆమె అరుస్తుంది. ఆయన బట్ట చుట్టుకునే ఆలస్యం కూడా చెయ్యకుండా దూకుతాడు. గంధర్వులు మెరుపు మెరిపిస్తారు, ఆమె చూస్తుంది, మాయమైపోతుంది. శంతనుడి సంగతి నీకు తెలిసిందే. ఏం చేసినా అడగకూడదని గంగ షరతు. ఏడుగురు బిడ్డలు నీళ్ళపాలయ్యేదాకా ఓర్చుకుని, ఎనిమిదో బిడ్డ దగ్గర నోరు తెరిచాడు.

ఈ రెండింటిలో నేను పట్టుకున్న సూత్రం ఒకటుంది. వాళ్ళు కట్టుబాటు దాటింది పొగరుతో కాదు. పురూరవుడు ఆమె అరుపు విని లేచాడు, శంతనుడు బిడ్డ కోసం అడిగాడు. ప్రేమే వాళ్ళ చేత ఆ గీత దాటించింది. అటువైపు మనిషికీ ఇటువైపు మనిషికీ మధ్య ఒక గీత గియ్యి, ఆ ప్రేమ ఎంత పెరిగితే ఆ గీత దాటక తప్పని పరిస్థితి అంత దగ్గర పడాలి. నలభై ఏళ్ళుగా నేను రాసినవాటిలో నిలబడినవన్నీ ఇలా నిలబడినవే. పడిపోయినవాటిలో గీత లేదు, లేదా ఉన్నా దానికీ ప్రేమకీ సంబంధం లేదు.

ఆ గీత ఎక్కడ దొరుకుతుందంటావు. నాకు ఊళ్ళలో దొరికింది. ఒకటి చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపికగా చదువు.

మా వైపు సంగమేశ్వరం ఉంది. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. కృష్ణ, తుంగభద్ర, భవనాశి, ఇలా ఏడు నదులు కలిసే చోటని చెప్పుకుంటారు. అక్కడ శివలింగం రాయి కాదు, వేపమొద్దు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టాక చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళతోపాటు ఆ గుడీ మునిగింది. చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. 2003లో నీళ్ళు బాగా తగ్గితే మళ్ళీ బయటపడింది. అప్పట్నించీ వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా కొన్నాళ్ళు కనబడటం, వరద రాగానే మునిగిపోవడం.

అలా బయటపడిన ఒక వేసవిలో నేనూ వెళ్ళాను. గుడి మెట్ల మీద ఒండ్రు ఎండి పెంకులు పెంకులుగా లేచింది. రాళ్ళ సందుల్లో గుల్లలు అతుక్కుని ఉన్నాయి. పూలు, కర్పూరం వాసన వెనక నుంచి చేపల వాసన సన్నగా వస్తోంది. దర్శనం అయ్యాక జనం లేని వైపు నడిచాను. అక్కడ ఒక పెద్దాయన ఒండ్రులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు సగం పూడిపోయిన రోలు. తువ్వాలుతో దాని అంచు తుడుస్తున్నాడు. గుంటలో పేరుకున్న మట్టిని చూపుడువేలితో గోకి తీస్తున్నాడు. ఎవరిదని అడిగాను.

"మా వంటిల్లు ఇది" అన్నాడు. చుట్టూ గోడ లేదు, గడప లేదు. "పొయ్యి అక్కడ. మా యామె ఇట్ల తూర్పు మొగమై కూచుని నూరేది."

ఆమె మునకకి ముందే పోయిందట. నీళ్ళు తగ్గిన ప్రతి ఏడూ ఆయన వస్తాడు, రోలు కడుగుతాడు, పొద్దు వాలేదాకా కూర్చుంటాడు, పోతాడు. "మల్లా ఎప్పుడొస్తావు నాయనా" అంటే, "నీళ్ళు ఎక్కేదాకా దినామూ వస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ రాత్రే నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకున్నాను. "నీళ్ళు గుడి మొదటి మెట్టు తాకేదాకే ఆమె కనబడుతుంది." నా నవల మొత్తం ఆ వాక్యమే. ఆమె ఎలా ఉంటుంది, ఏ చీర, జుట్టు విరబోసుకుందా అనేవేవీ అప్పటికి తెలియవు. చాలా రోజులదాకా తెలుసుకోలేదు కూడా. ముందు ఆ గీత ఎవర్ని ఏం చేస్తుందో చూడాలనుకున్నాను.

అప్పటికింకా కథ దొరకలేదని చెప్పాలి. ఎడబాటు ఉంది, అంతే. కథ పేపర్లో దొరికింది. మా జిల్లా పేజీలో రోజూ శ్రీశైలం నీటిమట్టం వేస్తారు, అడుగుల్లో. పూర్తి మట్టం 885. సీమ రైతులు ఎప్పుడూ గొంతెత్తేది 854 గురించి, ఆ మట్టం ఉంటేనే పోతిరెడ్డిపాడు నుంచి మన కాలవలకి నీళ్ళు బాగా అందుతాయని. ఆ మట్టానికి సంగమేశ్వరం గర్భగుడిలోకి నీళ్ళు ఎప్పుడో వచ్చేసి ఉంటాయి. ఒకరోజు ఆ అంకెలు చూస్తుంటే నా ఒళ్ళు జలదరించింది. నా కథలో అతను రైతు. ఆమె కనబడుతూ ఉండాలంటే నీళ్ళు రాకూడదు. చేను బతకాలంటే నీళ్ళు రావాలి. రాయలసీమలో పుట్టి వాన వద్దని మొక్కుకునే రైతు! ఊరంతా వరుణయాగం చేస్తుంటే అతను పీటల మీద కూర్చుని, పెదవులతో ఒకటి, మనసులో ఒకటి అనుకుంటాడు. ఆ అధ్యాయం రాస్తూ నేను ఏడ్చాను. ఆ తర్వాత ఏడాదంతా పేపర్లో నీటిమట్టం కత్తిరించి, ఏ రోజు రాసిన పేజీకి ఆ రోజు అంకె అంటించుకునేదాన్ని. నీళ్ళు పెరిగిన రోజు నా చెయ్యి దానంతటదే తొందరపడేది.

నీ డచ్చి కుర్రవాడికీ ఇలాంటిది కావాలి. నువ్వే రాశావుగా, సమాధి మీద అక్షరాలు అరిగిపోతున్నాయని. ఆ అక్షరాలు ఉన్నంతవరకే అతనికి జ్ఞాపకం ఉంటే? ఒక్కో అక్షరం పోయినప్పుడల్లా అతను ఒక్కోటి మర్చిపోతుంటే? ఊరు, అమ్మ, తన పేరు, చివరికి ఈ అమ్మాయి. ఇది నాకు తట్టింది, నువ్వు తీసుకోకు. నీ భీమిలిలో నీదే దొరుకుతుంది. ఇంకా కొన్ని అడుగుతాను. అతనికి తెలుగు ఎలా వచ్చింది? మూడు నాలుగొందల ఏళ్ళ కిందట డచ్చివాళ్ళు మన తీరానికి వచ్చింది మన నేతబట్టల కోసం. అంటే అతని తెలుగు నేతగాళ్ళ దగ్గరా దుబాసీల దగ్గరా వచ్చి ఉండాలి. మరి నీ కథలో సినిమా హీరోలా మాట్లాడుతున్నాడేం? ప్రేమించానని చెప్పడానికి అతని దగ్గర బేరం మాటలు, బట్టల పేర్లు మాత్రమే ఉన్నాయనుకో. అప్పుడు ఏం చెప్తాడో రాసి చూడు.

భయం గురించి కొంచెమే చెప్తాను. తెల్ల చీర, గజ్జెల చప్పుడు, మల్లెల వాసన, వెనక్కి తిరిగిన పాదాలు మన పెద్దలు వాడి వాడి అరగదీశారు. వాటిని కొట్టెయ్యి. "వెన్నులో వణుకు" నీ పన్నెండు అధ్యాయాల్లో తొమ్మిదిసార్లు వచ్చింది, గుర్తు పెట్టాను చూడు. వాటన్నిటికన్నా బోర్లించిన ఆ రెండో గ్లాసు గట్టిది. భయపెట్టాలనుకున్నప్పుడల్లా ఇంట్లోకి వెళ్ళు: వంటగది, బీరువా, చార్జింగ్‌లో పెట్టిన ఫోన్.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద నాకు నిజంగా బాధ కలిగింది. రెండో అధ్యాయంలో అమ్మాయి నిద్రపోతుంటే అతను రాత్రంతా మంచం పక్కన నిలబడి చూస్తాడు. అది ప్రేమ అని రాశావు. బతికున్నవాడు అలా చేస్తే పోలీసులకి ఫోన్ చేస్తాం కదమ్మా. చచ్చిపోయినంత మాత్రాన వాడికి ఆ హక్కు వచ్చేస్తుందా? ఇది మన సాహిత్యంలోనూ ఉంది. మార్కండేయ పురాణంలోని వరూధినీ ప్రవరుల కథని పెద్దన ఎంత అందంగా తెలుగు చేశాడో తెలుసు కదా. ప్రవరుడు కాదని వెళ్ళిపోతాడు. అంతకుముందు వరూధిని కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వస్తాడు. కలిసినప్పుడు కళ్ళు మూసుకోవాలని పురాణంలో అతని షరతు. ఆమె మూసుకుంది. డిగ్రీలో ఆ పద్యాలు చదివినప్పుడు నోరూరింది. ఇప్పుడు ఆ పద్యాలు చదివితే అంతే ఇష్టం, కానీ ఆ కథ గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆమె ఒక్కసారి కళ్ళు తెరిచి ఉంటే ఏమనేది? ఆ కథ నేను రాయాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను, ఇంకా రాయలేదు. నీ కథలో శక్తి ఎవరి దగ్గర ఉందో, "వద్దు" అనే అవకాశం ఎవరికి ఉందో ప్రతి అధ్యాయంలో చూసుకో. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయి ఆమె పిలిచేదాకా లోపలికి రాకపోతే, ఆమె "రా" అన్న ఒక్క మాటకి నీ చదువరి ఊపిరి బిగబడుతుంది.

ఇంకోటి. పదకొండో అధ్యాయంలో ఊరి చివర ముసలావిడ బాణామతి చేసినట్టు రాశావు. దయచేసి తీసెయ్యి. బాణామతి, చేతబడి అనుమానంతో ఒంటరి ఆడవాళ్ళని, ముసలివాళ్ళని కొట్టి చంపిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. మన కథలో ఆత్మ కల్పన అని చదివేవాళ్ళకి తెలుసు. ఆ ముసలావిడ మాత్రం ప్రతి ఊళ్ళోనూ నిజంగా ఉంటుంది.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. నా తొలి సీరియల్ ఒక వారపత్రికలో వచ్చింది. చివర్లో ఆత్మ తనంతట తాను సెలవు తీసుకుని వెళ్ళిపోవాలని రాశాను. సంపాదకుడు ఒప్పుకోలేదు, భూతవైద్యుణ్ణి తెచ్చి సీసాలో బంధించమన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో సరేనన్నాను. పాఠకుల ఉత్తరాలు బోలెడు వచ్చాయి. అందులో ఒకావిడ రాసింది: "అతను ఆమెకి ఏ అన్యాయం చేశాడని అలా బంధించారు?" ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నువ్వు ప్రతిలిపి యాప్‌లో రోజుకో భాగం పెట్టాలనుకుంటున్నానన్నావు. పెట్టు, మంచిదే, మేమూ వారం వారం అలాగే రాశాం, ఎక్కడ ఆపితే మనిషి రేపటి కోసం చూస్తాడో అందులోనే నేర్చుకున్నాం. కానీ చివరి భాగం ముందే రాసి దాచుకో. కామెంట్లు చూసి ముగింపు మార్చకు.

రోజూ ఎప్పుడు రాయాలి, ఎన్ని పేజీలు అని కూడా అడిగావు. నాకు తెల్లవారుజామున నాలుగింటికి కుదిరింది, నీకు నైట్ షిఫ్ట్ అయ్యాక కుదురుతుందేమో. అదేం పెద్ద విషయం కాదు. రాసింది మాత్రం పైకి చదువు. సంభాషణలు నోట్లో ఇరుక్కుంటే కాగితం మీద కూడా ఇరుక్కున్నట్టే.

ముందు అతనికి చేతకానివి ఒక పేజీ నిండా రాసి నాకు పంపు. మిగతా అధ్యాయాలు ఆ తర్వాత చూద్దాం. ఏప్రిల్‌లో నీళ్ళు తగ్గితే నేను సంగమేశ్వరం వెళ్తాను. సెలవు దొరికితే కర్నూలు రా, కలిసి వెళ్దాం. పోయినసారి ఆ పెద్దాయన కనబడలేదు. రోలు మాత్రం అక్కడే ఉంది, గుంట నిండా ఒండ్రు పేరుకుని. నా కొంగుతో తుడిచి వచ్చాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి