భరోసా డబ్బు సంగతి తరువాత, ముందు గడువు చూడండి

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు 2 ఎకరాల 10 గుంటల చెలక ఉంది. 2009లో మా నాన్న తెల్లకాగితం మీద కొన్నాడు. ‘ఎప్పుడు అడిగితే అప్పుడు రిజిస్ట్రేషన్ చేయిస్తా’ అని అందులో రాసి ఉంది. అప్పటి నుంచి సాగు మాదే. పట్టా మాత్రం అమ్మినాయన కొడుకు పేరుకు మారింది. రైతుబంధు, రైతు భరోసా అతనికే పడుతున్నాయి. 2023 దసరాకు పెద్దమనుషుల ముందు రిజిస్ట్రేషన్ చేయనన్నాడు. ఇప్పుడు కౌలు కాగితం రాసిస్తే భరోసాలో సగం ఇస్తానంటున్నాడు. నాన్న 2020లో మీసేవలో సాదాబైనామా (తెల్లకాగితం కొనుగోలు) దరఖాస్తు పెట్టాడు, రసీదు ఎక్కడో పడిపోయింది. ఆ దిగులుతోనే పోయాడు. ఇన్నేళ్ల డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: రాబట్టుకోలేరు. 2018లో ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో రైతుబంధు మొదలైంది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6,000 ఇస్తున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే డబ్బు వారి ఖాతాకే పోతుంది. దున్నేది ఎవరని ఆ పథకం అడగదు. దాని కోసం దావా వేస్తే కోర్టు ఫీజు దండగ.

మీ ఉత్తరంలో మూడు పేజీలు ఈ డబ్బు గురించే. కేసును తేల్చేది మాత్రం మాటవరసకు రాసిన ఒక్క ముక్క: 2023 దసరా. రిజిస్ట్రేషన్‌కు తేదీ రాసుకోనప్పుడు, అవతలివాడు చేయనన్నాడని మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయాలి. లిమిటేషన్ చట్టం 54వ అధికరణం చెప్పేది ఇదే. మీ గడువు 2026 అక్టోబరుతో సరి. మళ్లీ పంచాయితీ పెట్టినా, లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు. కోర్టులో దావా దాఖలైతేనే లెక్క.

కౌలు కాగితం మీద మాత్రం చచ్చినా సంతకం పెట్టకండి. సగం అంటే ఏడాదికి 13,500 రూపాయలు. దానికి ఆశపడితే భూమి కొనుక్కున్న మీరు అతని కౌలుదారు అవుతారు. 2009 నుంచి ఉన్న మీ కబ్జా (స్వాధీనం) అంతా అతని దయ మీద ఉన్నట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. అతనికి కావాల్సిందీ అదే. లేకుంటే ఇన్నేళ్లకు ఇప్పుడే సగం ఎందుకు గుర్తొచ్చింది?

ఇక రసీదు. ‘ఎక్కడో పడిపోయింది’ అని అంత తేలిగ్గా ఎలా రాశారండీ? 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉన్న తెలంగాణ భూరికార్డుల చట్టం, అదే భూభారతి చట్టం సెక్షన్ 6 కింద సాదాబైనామా క్రమబద్ధీకరణ అందరికీ లేదు. సన్న, చిన్నకారు రైతు అయి, 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్లుగా కబ్జాలో ఉండి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోపు దరఖాస్తు పెట్టినవారికే. కొనుగోలు తేదీ, కబ్జా మీకు సరిపోతాయి. దరఖాస్తు పెట్టినట్టు రుజువే లేదు. నాన్న ఆధార్ కార్డు తీసుకుని మీసేవకు వెళ్లి దరఖాస్తు నంబరు వెతికించండి. దొరక్కపోతే తహసీల్దారుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నంబరు దొరికితే అమ్మ, అక్కచెల్లెళ్లతో సహా వారసులందరి పేర్లతో ఆర్డీవోకు అర్జీ ఇవ్వండి. అక్కడ ఫైలు నడుస్తోందని కోర్టు గడువు మరవొద్దు. రెండూ వేర్వేరు దారులు.

కబ్జాకు సాక్ష్యం కూడా పోగుచేయండి. ధరణి భూరికార్డుల పోర్టల్‌లో అనుభవదారు గడి తీసేశారు కాబట్టి అంతకు ముందు పహాణీల (సాగు ఎవరిదో రాసే రికార్డుల) నకళ్లు తీయించండి. బోరు కరెంటు బిల్లులు, వడ్లో పత్తో అమ్మిన చీటీలు నాన్న పేరున ఉంటే మరీ మంచిది. ఆ రోజు పంచాయితీలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు సాక్ష్యానికి వస్తారో లేదో ఇప్పుడే అడగండి.

దావాతో పాటే అతను భూమి అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు ఆపుదల ఉత్తర్వు) కూడా అడగాలి. పాస్‌బుక్ అతని చేతిలో ఉంది, రేపే తహసీల్దారు ఆఫీసులో ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసేయగలడు. ఒరిజినల్ కాగితం జాగ్రత్త, జిరాక్సుతో పని జరగదు. కోర్టు దాని మీద స్టాంపు సుంకం, జరిమానా కట్టమంటుంది, ఆ డబ్బు సిద్ధం చేసుకోండి. భద్రంగా ఉంటుందని దానికి లామినేషన్ మాత్రం చేయించకండి!