ఓఆర్ఆర్ మీద డ్రైవర్ లేని కార్లు రావాలంటే ముందు టోల్ గేటు మారాలి

"హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు, అంటే ఓఆర్ఆర్ మీద కార్లు వాటంతట అవే నడిచే రోజు వస్తుందా? రైళ్ల అనుభవం అందుకు పనికొస్తుందా?" అని ఒకరు నన్ను అడిగారు.

కచ్చితంగా పనికొస్తుంది. మా నాన్న సింగిల్ లైన్ (రెండు వైపుల రైళ్లకూ ఒకే పట్టా) మీద ఓ చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టరుగా చేశారు. ఆయన గదిలో ఎర్రటి ఇనుప మిషన్ ఉండేది. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే అందులోంచి ఉక్కు బంతి బయటికొచ్చేది. దాన్ని సంచిలో వేసి, రింగుకు కట్టి, పాయింట్స్‌మన్ కదిలే ఇంజిన్‌కి అందించేవాడు. ఆ బంతి అవతలి మిషన్‌లో పడేదాకా రెండు స్టేషన్లలో ఎక్కడా ఇంకో బంతి రాదు. అంటే ఆ మధ్య లైను మీద ఒకసారికి ఒకే రైలు.

ఓ వానాకాలం రాత్రి ఆ మిషన్ మొరాయించింది. ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. జనం తడుస్తూ గదిలోకొచ్చి "లైను ఖాళీయే కదా సార్, పంపించెయ్యండి" అని మీద పడ్డారు. నాన్న తల ఎత్తలేదు. అవతలి మాస్టరుతో ఫోన్‌లో మాట్లాడి, ఆయన ఒప్పుకున్నట్టు గుర్తుగా ఇచ్చే ప్రైవేట్ నంబర్ తీసుకుని, కాగితం రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించుకున్నాకే బండి కదిలింది. నలభై నిమిషాలు పట్టింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

అనుమానం వస్తే ఆగిపోవాలి, అంతే. మన వికారాబాద్ వైపు 2022 మార్చిలో, రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ అనే వ్యవస్థ పరీక్షలో, ఎదురుగా ఇంకో ఇంజిన్ ఉండగా రైలు 380 మీటర్ల దూరంలోనే దానంతటదే ఆగింది. అదీ ఇదే సూత్రం.

అమెరికాలో 1997లోనే శాన్ డియాగో దగ్గర దారి తెలిసేలా రోడ్డులో అయస్కాంతాలు పాతి, ఎనిమిది కార్లను వాటంతటవే ఒకదాని వెనక ఒకటి నడిచేలా చేసి చూపారు. అక్కడ వాటికి విడిగా వరసలిచ్చారు. మన దగ్గరో? పోయిన నెల శంషాబాద్ దాటాక ఒకాయన ఎగ్జిట్ తప్పిపోయి, రివర్స్ గేర్‌లో నా మీదికొస్తున్నాడు! బ్రేక్ తొక్కిన కాలు ఇంటికెళ్లేదాకా వణికింది. చీకట్లో లైట్లు లేకుండా ఆపే లారీల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అయినా నాకు ఆశ ఉంది. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ ఎక్కాలంటే టోల్ గేటు దాటాల్సిందే. నాన్న గదిలోని మిషన్ లాంటిదే అది. కాకపోతే ఇప్పుడది డబ్బు ఒక్కటే అడుగుతోంది. బ్రేకులు బాగున్నాయా, ముందు దారి ఖాళీగా ఉందా, దిగాల్సిన ఎగ్జిట్ ఏది అని కూడా అడగాలి. జవాబు రాకపోతే గేటు ఎత్తకూడదు, వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే.