పుర్రె గుర్తు మాత్: స్టిక్సా, లాకెసిసా?

విశాఖపట్నం కంబాలకొండ దగ్గర లైటు కింద మీరు ఫోటో తీసి ఏ జాతని అడిగిన అకెరాంషియా (వీపు మీద పుర్రె గుర్తుండే మాత్, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు) స్టిక్స్ జాతిదో లాకెసిస్ జాతిదో పుర్రె గుర్తుతో తేలదండీ, అది రెండింటికీ ఉంటుంది. చూడాల్సింది వెనక రెక్క మొదలు, అంటే రెక్క ఒంటికి అతుక్కునే చోటు. పసుపు మీద రెండు నల్ల పట్టీలే ఉండి మొదలు పసుపుగా ఉంటే స్టిక్స్. మొదట్లో పెద్ద నల్లమచ్చ కూడా ఉంటే లాకెసిస్. మీ ఫోటోలో ఆ చోటును ముందు రెక్కలు పూర్తిగా కప్పేశాయి.

ముందు రెక్క మధ్య చుక్క స్టిక్స్‌లో నారింజ, లాకెసిస్‌లో బూడిద రంగు. కానీ పసుపు బల్బు వెలుగులో బూడిద కూడా నారింజలా కనిపిస్తుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మను.

ఈసారి మెత్తటి పుల్లతో ముందు రెక్కను కొద్దిగా ముందుకు జరపండి. కీచుమంటుంది, కుట్టదు. వెనక రెక్క బయటపడగానే ఫ్లాష్ వేసి, నిట్టనిలువుగా పైనుంచి తీయండి.