చిన్న రోడ్డే కదా అనుకునే ముందు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వాగు మీద పాత పైపు కల్వర్టు తీసేసి బాక్సు కల్వర్టు కట్టాలి. అటూ ఇటూ కలిపి 600 మీటర్ల రోడ్డు వెడల్పు చేయాలి. ఆ వాగులో చట్టం రక్షణ ఉన్న చేప ఒకటి ఉందని రికార్డుల్లో ఉంది. రోడ్డు పక్కనే చిత్తడి నేల. ఇంత చిన్న పనికి ప్రభావాల పరిశీలన ఎంత దూరం చేయాలండీ?
– ఒక రోడ్ల ఇంజనీరు

జవాబు: రోడ్డు వెంబడి కొలిస్తే మీది 600 మీటర్ల పనే. నీటి వెంబడి కొలిస్తే ఎంతవుతుందో ముందు చూడండి. పరిశీలన హద్దును నిర్ణయించేది నీరే.

ఒక మ్యాపు తీసుకుని ఒక్కొక్క ప్రభావం ఎక్కడిదాకా పోతుందో విడివిడిగా గీయండి. తవ్వినప్పుడు లేచే బురద దిగువన ఏ మడుగు దాకా పోయి తేరుకుంటుంది? పైలు (పునాది కోసం నేలలోకి దించే స్తంభాలు) కొట్టేదుంటే నీటిలో ఆ చప్పుడు ఏ మలుపు దాకా వినిపిస్తుంది? రోడ్డు మీది వాన నీరు ఏ కాలువలోకి దిగుతుంది? ఇప్పుడున్న పైపు చేపల్ని ఆపుతోందా? ఆపుతుంటే, కొత్త కల్వర్టుతో ఎగువన ఎన్ని కిలోమీటర్ల వాగు వాటికి తెరుచుకుంటుంది? ఈ గీతలన్నిటినీ కలిపితే వచ్చే బయటి హద్దే మీ పరిశీలన ప్రాంతం.

రోడ్డు గీత మీద లేని పనులను కూడా అందులో కలపాలి. మట్టి తెచ్చే గొయ్యి, తవ్విన మట్టి పోసే చోటు, తాత్కాలిక దారి, యంత్రాలు నిలిపే స్థలం అన్నీ పనిలో భాగమే. ఎక్కువమంది మరిచేది నీళ్ల ట్యాంకరును. రోడ్డు తడపడానికి అదే వాగులో మోటారు పెట్టి తోడతారు. నీరు సన్నగా పారే రోజుల్లో చేపలన్నీ ఒకే మడుగులో చేరి ఉంటాయి. రోజంతా తోడితే ఆ మడుగు అడుగంటుతుంది. ట్యాంకరు ఎక్కడ, రోజుకు ఎన్నిసార్లు నింపుతారో నివేదికలో రాసి ఉండాలి.

ప్రశ్న: రెండు రోజులు వలలు వేసి చూశాం, ఆ చేప ఒక్కటీ పడలేదు. ‘ప్రభావం లేదు’ అని రాసేయొచ్చా?
– పర్యావరణ సర్వే బృందం సభ్యురాలు

జవాబు: రాయకూడదు. రెండు రోజుల వల చెప్పేది ఆ రెండు రోజుల సంగతే. వలస వచ్చే చేప గుడ్లు పెట్టే కాలంలో ఒకచోట, మిగతా కాలంలో ఇంకోచోట ఉంటుంది. పిల్లలు అంచుల్లో, గడ్డి వేళ్ల మధ్య దాగుతాయి, పెద్ద కన్ను వలకు చిక్కవు.

చేపతోపాటు దాని నివాసాన్నీ పరిశీలించండి. మడుగుల లోతు, అడుగున గులకరాళ్ల సైజు, వాటి సందుల్లో పూడిక ఎంత ఉంది, నీడ, మధ్యాహ్నం నీటి వేడి, దిగువన అడ్డుగోడలు ఉన్నాయా అన్నవి రాసుకోండి. నివాసం సరిపోయేదై, కింది నుంచి దారి తెరిచి ఉంటే చేప ఉందనే అనుకుని ముందుకు సాగడం మంచిది. దానివల్ల పని ఆగిపోదు, జాగ్రత్తలు పెరుగుతాయి అంతే.

నీటిలోని డీఎన్ఏ పరీక్ష మంచి తోడు. లీటరు, రెండు లీటర్ల నీటిని సన్నని ఫిల్టరు గుండా పంపి, దాని మీద చిక్కిన డీఎన్ఏను ప్రయోగశాలలో చూస్తారు. దిగువ నమూనా ముందు తీసి తర్వాత ఎగువకు వెళ్లాలి, లేకపోతే మీ బూట్లు కదిలించిన నీరే సీసాలోకి వస్తుంది. ప్రతిచోటా శుద్ధమైన నీటితో ఒక ఖాళీ నమూనా కూడా తీయండి. అందులోనూ చేప డీఎన్ఏ కనబడితే మీ సామాను శుభ్రంగా లేదన్నమాట. ఆ డీఎన్ఏ ఎగువ నుంచి కొట్టుకొచ్చిందై ఉండొచ్చు. ఎన్ని చేపలున్నాయో, ఏ వయసువో ఈ పరీక్ష చెప్పదు.

ఇక ఏ మాట రాయాలన్నది. అమెరికాలో 1973 నాటి అంతరించిపోతున్న జీవుల చట్టం కింద తేల్చే మాటలు మూడు: ప్రభావం లేదు, ఉండొచ్చు కానీ హాని కలిగే అవకాశం లేదు, హాని కలిగే అవకాశం ఉంది. ఏ దేశంలో పనిచేసేవారికైనా ఈ విభజన ఉపయోగపడుతుంది. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బరువైన మాట, మనవాళ్లు అన్నిటికన్నా తేలిగ్గా వాడేదీ అదే. మంచి మార్పు వచ్చినా అది ప్రభావమే, కాబట్టి మొదటి మాట చెల్లదు. రెండోది రాయాలంటే మిగిలిన ప్రభావం కొలవలేనంత చిన్నదని గానీ, జరగడం దాదాపు అసంభవమని గానీ, పూర్తిగా మేలేనని గానీ చూపాలి. పని చోట నుంచి చేపల్ని పట్టి వేరేచోట వదిలేదుంటే రెండోది కూడా కుదరదు. పట్టడమే హాని కింద లెక్క.

ప్రశ్న: ఎండాకాలంలో ఆ చిత్తడి నేల మీద జీపు నడిచింది. దాన్ని చిత్తడి నేల అనాలా? హద్దు ఎలా గీయాలి?
– సర్వేయరు

జవాబు: ఎండాకాలం చూపు మీద ఆధారపడకండి. చిత్తడికి మూడు గుర్తులు: తడికి అలవాటుపడ్డ మొక్కలు, తడిలో మారిన మట్టి, నీటి జాడ. అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం 1987లో ఇచ్చిన పద్ధతి పునాది ఇదే. మొక్కలు పెరిగే కాలంలో వరసగా 14 రోజులు నేల మీద నీరు నిలిచినా, నీటిమట్టం 30 సెంటీమీటర్ల లోపుకు వచ్చినా, పదేళ్లలో కనీసం అయిదేళ్లు అలా జరిగితే చాలునని తర్వాతి మార్గదర్శకాలు చెబుతాయి. మిగతా ఏడాది అది పొడిగా ఉండొచ్చు.

పారతో అర మీటరు గొయ్యి తీయండి. మట్టి బూడిద రంగులో ఉండి, వేళ్ల చుట్టూ తుప్పు రంగు మచ్చలుంటే ఆ నేల నీటిలో నాని గాలి ఆడక ఉందన్నమాట. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇక సందేహం అక్కర్లేదు. జమ్ము, తుంగ ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, హద్దు అనుకున్న గీతకు లోపల ఒక గొయ్యి, బయట ఒక గొయ్యి తీయండి. రెండింటి మధ్య తేడా కనిపించేదాకా గీతను జరపండి. పాత మెరక మట్టి పోసిన చోట మొక్కలు అబద్ధం చెబుతాయి, అక్కడ మట్టి పొర కిందికి తవ్వాల్సిందే.

విస్తీర్ణం లెక్కలో జరిగే తప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి. రోడ్డు చిత్తడిని 120 మీటర్ల మేర దాటుతోందనుకోండి. ఒక్కో పక్క 1.5 మీటర్లు వెడల్పు పెంచుతున్నారు. 120ని 3తో గుణించి 360 చదరపు మీటర్లు అని రాస్తారు. కానీ రోడ్డును అర మీటరు ఎత్తు కూడా చేస్తున్నారు. కట్ట వాలు ఒకటికి రెండు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డం) అయితే ఎత్తిన అర మీటరుకు కట్ట పాదం మరో మీటరు బయటకు జరుగుతుంది. అంటే ఒక్కో పక్క 2.5 మీటర్లు, మొత్తం 600 చదరపు మీటర్లు. యంత్రం తిరగడానికి పాదం పక్కన మూడేసి మీటర్లు కావాలి. అది ఇంకో 720, తాత్కాలికం కింద వేరుగా చూపాలి. 360కీ ఈ లెక్కకూ ఎంత తేడానో చూడండి.

పూడ్చని భాగానికీ ప్రమాదం ఉంది. రోడ్డు కట్ట చిత్తడికి అడ్డంగా ఆనకట్టలా పనిచేస్తుంది. ఎగువ పక్క నీరు నిలిచి చెట్లు చస్తాయి, దిగువ పక్క ఎండి కలుపు ఎక్కుతుంది. వాగు దగ్గర ఒక్క కల్వర్టు పెట్టి వదిలేస్తే ఇదే జరుగుతుంది. మధ్యమధ్య నేలమట్టానికి చిన్న తూములు, అడుగున పెద్ద రాళ్ల పొర వేస్తే నీరు అటూ ఇటూ సర్దుకుంటుంది. కట్ట పక్కన తవ్వే మురుగుకాలువను కూడా చూడండి. లోతు ఎక్కువైతే అది చిత్తడి నీటినే లాగేస్తుంది.

ప్రశ్న: పాత పైపులో నీరు బాగానే పారుతోంది. చేపలు ఎందుకు ఎక్కవు? కొత్తదాని వెడల్పు ఎంత పెట్టాలి?
– ఒక కాంట్రాక్టరు

జవాబు: నీరు పారడం వేరు, చేప ఎదురీదడం వేరు. పైపు చివర నీరు జలపాతంలా కిందికి పడుతుంటే చిన్న చేప ఎగరలేదు. 15 సెంటీమీటర్ల దూకుడు కూడా చాలా పిల్లలకు గోడే. ఇరుకు పైపులో నీరు జోరెక్కుతుంది, నునుపు అడుగు మీద ఆగి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. నీరు తగ్గినప్పుడు అదే పైపులో చేప వీపు మునగదు. దూకుడు ఎత్తు, లోపలి వేగం, లోతు, పొడవు నాలుగూ కొలిచి రాయండి, అదీ నీరు హెచ్చుగా ఉన్నప్పుడు ఒకసారి, తగ్గినప్పుడు ఒకసారి.

కొత్తదానికి వాగు వెడల్పే కొలబద్ద. గట్లు నిండి పొర్లబోయే మట్టం దగ్గర వెడల్పు తీసుకోవాలి. పాత కల్వర్టు ప్రభావం లేని చోట, కనీసం అయిదు స్థానాల్లో కొలిచి సగటు చూడండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం వాగును పోలిన అడుగు పెట్టే కల్వర్టులకు ఆ వెడల్పును 1.2తో గుణించి మరో 0.6 మీటరు కలపమంటుంది. వాగు 3 మీటర్లయితే కల్వర్టు 4.2 మీటర్లు. అడుగు పలకను వాగు అడుగు కంటే లోతుగా దించి, పైన వాగులో ఉన్న సైజు రాళ్లూ గులకా నింపాలి. సందుల్లో సన్న ఇసుక, మట్టి నీటితో కూరాలి, లేకపోతే తక్కువ నీరంతా రాళ్ల కిందనుంచి పోయి పైన ఎండిపోతుంది.

పాత పైపు తీసే ముందు ఒక్కటి తప్పక చేయండి. వాగు అడుగు మట్టాన్ని ఎగువా దిగువా వాగు వెడల్పుకు కనీసం 20 రెట్ల దూరం సర్వే చేయండి. చాలాచోట్ల దిగువ వాగు కోసుకుపోయి ఉంటుంది, ఎగువ మట్టాన్ని నిలబెడుతున్నది ఆ పైపే. దాన్ని పీకగానే కోత ఎగువకు పాకి, పైన చిత్తడి నీరంతా ఖాళీ అవుతుంది. చేపకు మేలు చేద్దామని చేసిన పనే నేలను చంపుతుంది. ఇలాంటిచోట రాళ్లతో మెట్లు మెట్లుగా మట్టం దింపుకుంటూ రావాలి. ఎగువకు పాకకూడని పరాయి చేప దిగువన ఉందేమో కూడా జీవశాస్త్రవేత్తను అడగండి. ఉంటే పాత అడ్డే రక్షణ కావొచ్చు.

ప్రశ్న: నిర్మాణం రోజుల్లో ఏ జాగ్రత్తలు రాయాలి? ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అని రాస్తే తిప్పి పంపారు.
– కన్సల్టెంటు

జవాబు: తిప్పి పంపడం న్యాయమే. ఎవరు, ఎప్పుడు, ఎంత, మించితే ఏం చేస్తారు అన్నవి లేని జాగ్రత్త జాగ్రత్త కాదు.

చేప గుడ్లు పెట్టే, వలస పోయే నెలలు వదిలి పని తేదీలు పెట్టండి. పని చోటును ఒకేసారి ఎండగట్టకూడదు. ముందు ఎగువా దిగువా వలలు కట్టి, లోపలి చేపల్ని మెల్లగా తోలాలి. మిగిలినవాటిని చేతి వలతో పట్టి, చల్లటి నీరున్న బకెట్లలో గాలి ఆడిస్తూ ఎగువకో దిగువకో చేర్చాలి. విద్యుత్ షాకుతో పట్టడం ఆఖరి మార్గం, అనుభవం ఉన్నవారే చేయాలి. తర్వాత ఇసుక సంచుల అడ్డుకట్టలు వేసి, వాగు నీటిని పైపులో దిగువకు మళ్లించండి. మోటారు నోటికి సన్న జల్లెడ ఉండాలి, కన్ను 2.4 మిల్లీమీటర్లు దాటకూడదు. జల్లెడ వైశాల్యం చిన్నదైతే పీల్పు బలానికి పిల్లలు దానికే అతుక్కుపోయి చస్తాయి. రాత్రిపూట మోటారు ఆగిపోతే దిగువ వాగు ఎండిపోతుంది, రెండో మోటారు, కాపలా మనిషి తప్పనిసరి.

పని గుంటలో ఊరే బురద నీటిని వాగులోకి తోడకండి, గడ్డి నేల మీదకు వదిలి ఇంకనివ్వండి. బురదను ఎగువన ఒకచోట, దిగువన ఒకచోట నీటి మసకను కొలిచే మీటరుతో కొలిచి తేడా చూడాలి. దిగువది ఒక్కటే కొలిస్తే ఎగువ వాన తెచ్చిన మసక కూడా మీ ఖాతాలో పడుతుంది. పచ్చి కాంక్రీటు తాకిన నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 12 దాకా ఎక్కగలదు, చేపలకు సాధారణంగా నప్పేది 6.5 నుంచి 8.5. కాబట్టి కాంక్రీటు గట్టిపడేదాకా వాగు నీరు తాకకూడదు, మిక్సరు కడిగిన నీరు వాగు వైపు వదలకూడదు.

సుత్తితో ఉక్కు పైలు కొట్టేదుంటే చప్పుడు లెక్క కూడా వేయాలి. ఆ ఒత్తిడికి చేప లోపలి గాలితిత్తి చిట్లుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో 2008లో ఒప్పుకున్న హద్దు ఒక్క దెబ్బకు చప్పుడు చేరే శిఖరానికి 206 డెసిబెల్స్. రోజంతా పోగయ్యే చప్పుడు శక్తికి 2 గ్రాములు, ఆపై బరువున్న చేపలకు 187, అంతకన్నా చిన్నవాటికి 183. ఇవి నీటిలోని డెసిబెల్స్, గాలిలోవాటితో పోల్చకూడదు. కంపనంతో దించే యంత్రం వాడితే శిఖరం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: రోడ్డు మీద వాన నీరు అంత ప్రమాదమా?
– కళాశాల విద్యార్థిని

జవాబు: కొన్ని చేపలకు చాలా ప్రమాదం. అమెరికా పశ్చిమ తీరంలో కోహో సాల్మన్ అనే చేపలు గుడ్లు పెట్టకముందే వాగుల్లో చచ్చిపోవడానికి కారణం టైరు రబ్బరులో కలిపే 6పీపీడీ అనే పదార్థం నుంచి పుట్టే 6పీపీడీ–క్వినోన్ అని 2020లో తేలింది. అదే రోడ్డు నీటిని దాని దగ్గరి జాతి చమ్ సాల్మన్ తట్టుకుంది. అందుకే ‘చేపలకు’ అని కాకుండా ఏ చేపకో పేరు పెట్టి పరిశీలించాలి. ఇసుక, కంపోస్టు కలిపిన ఇంకుడు పొర గుండా పంపిన నీటిలో కోహోలు బతికాయి. కాబట్టి రోడ్డు కాలువను నేరుగా వాగులో కలపకుండా అలాంటి పొర మీదకు మళ్లించండి.

ప్రశ్న: పూడ్చిన చిత్తడికి బదులు ఇంకోచోట కొత్తది తవ్వితే లెక్క సరిపోతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు తప్పించగలరా చూడాలి, తర్వాత తగ్గించగలరా చూడాలి, ఆ రెండూ అయ్యాకే బదులు మాట. కట్ట వాలు నిటారుగా చేసి పాదాల దగ్గర రాతి గోడ కడితే ఎన్ని చదరపు మీటర్లు మిగులుతాయో లెక్క చూపకుండా బదులు ప్రతిపాదించకండి.

కొత్త చిత్తడి ఎక్కువగా విఫలమయ్యేది నీటిమట్టం దగ్గర. అడుగు పది, ఇరవై సెంటీమీటర్లు పైకి మిగిలితే గడ్డినేల అవుతుంది, కిందికి పోతే చెరువు అవుతుంది. అందుకే తవ్వకముందే అక్కడ చిన్న గొట్టాల బావులు దింపి, కనీసం ఒక తడి కాలం, ఒక పొడి కాలం నీటిమట్టం రాయాలి. పూడ్చబోయే చిత్తడిలోని పైపొర మట్టిని విత్తనాలతో సహా తెచ్చి పరిస్తే స్థానిక మొక్కలు త్వరగా లేస్తాయి. అందులో కలుపు జాతి ఉంటే మాత్రం అస్సలు తేవద్దు. అమెరికాలో బదులు చిత్తడుల మీద 2008లో వచ్చిన నిబంధన కనీసం అయిదేళ్లు పర్యవేక్షించమంటుంది. చెట్లున్న చిత్తడికి అదీ చాలదు. ఆ అయిదేళ్ల మొక్కల లెక్కకు, కలుపు తీతకు, మట్టం సరిదిద్దడానికి డబ్బు రోడ్డు అంచనాలోనే విడిగా చూపండి. రోడ్డు ప్రారంభమైపోయాక ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు.