ప్రైవేటులో చదివే పాపను ఎనిమిదో తరగతికి మా టౌన్ జెడ్పీ హైస్కూల్‌కు మార్చవచ్చా?

ఏడో తరగతి వరకు ప్రైవేటు ఇంగ్లిషు మీడియంలో చదివిన పాపను ఫీజులు కట్టలేక జెడ్పీ హైస్కూల్‌కు మార్చాలనుకుంటున్నామని, చదువు దెబ్బతింటుందేమోనని భయంగా ఉందని రాశారు. 2022లో మేం సరిగ్గా ఇదే పని చేశాం. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌన్. నాకు టైలరింగ్ షాపు ఉంది.

మార్చండి. అయితే ముందు ఒక్కసారి బడికి వెళ్లి లెక్కలు, ఫిజికల్ సైన్స్, ఇంగ్లిషు పోస్టుల్లో టీచర్లు ఉన్నారా, ఏదైనా ఖాళీగా ఉందా అని అడగండి. గోడల రంగులు, కొత్త బెంచీలు తర్వాత చూసుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేనూ జెడ్పీలోనే చదివాను. నా పదో తరగతిలో జూలైలో లెక్కల సార్‌కు బదిలీ అయింది. సంక్రాంతి దాటే వరకు ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ఆ పీరియడ్‌లో సోషల్ సారో, పీఈటీ సారో వచ్చి కూర్చునేవాళ్లు. త్రికోణమితి అంతా గైడ్ ముందు పెట్టుకుని బట్టీ పట్టాను. 38 మార్కులతో గట్టెక్కాను. ఎంపీసీ చదవాలనుకున్న నేను సీఈసీలో చేరాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మా పాపను చేర్చే ముందు హెచ్చెమ్ గారిని మొదట అడిగింది ఇదే. రిజిస్టర్ చూసి మూడు పోస్టులూ నిండి ఉన్నాయని చెప్పారు.

మొదటి నెల కష్టంగానే గడిచింది. పాత స్కూల్లో ప్రశ్నకు జవాబు బోర్డు మీద రాస్తే దించుకోవడమే అలవాటు. ఇక్కడ సార్ ప్రశ్న అడిగి, నువ్వేమనుకుంటున్నావో చెప్పు అంటారట. మా అమ్మాయి రెండు వారాల పాటు నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఏడ్చేది.

ఫిజికల్ సైన్స్‌లో కృత్రిమ దారాలు అనే పాఠం ఉండేది. ఇళ్ల నుంచి గుడ్డ ముక్కలు తెమ్మని సార్ చెప్పారట. మా షాపులో కావలసినన్ని ముక్కలు. కాటన్, పాలిస్టర్, ఒక పట్టు చీర అంచు ముక్క, అన్నీ కవర్లో వేసి పంపాను. సార్ ఒక్కో దారం లాగి పట్టకారతో పట్టుకుని దీపం మీద పెట్టించారు. కాటన్ కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అయింది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా అయింది. పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చింది. సాయంత్రం మా అమ్మాయి షాపుకొచ్చి, కుట్టడానికి వచ్చిన ఒక ప్యాంటు గుడ్డ అంచు నుంచి దారం తీసి వెలిగించి, "అమ్మా, ఇది ప్యూర్ కాటన్ కాదు, వాళ్లకు చెప్పు" అంది. నేను ఇన్నేళ్లుగా చేతితో తడిమి చెబుతున్నదాన్ని అది కారణంతో సహా చెప్పింది. ఆ రోజు నుంచి క్లాసులో చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

ఇంకో మేలు నేను అనుకోకుండానే జరిగింది. ఆ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషులో ఉంటే ఎదుటి పేజీ తెలుగులో ఉండేది. ప్రైవేటులో ఉన్నప్పుడు దాని సైన్స్ పుస్తకం నాకు అర్థమయ్యేది కాదు. తెలుగు మీడియం చదివినదాన్ని కదా. ఇక్కడ అది ఇంగ్లిషు పేజీ చదువుతుంటే నేను తెలుగు పేజీ చూస్తూ ప్రశ్నలు అడిగేదాన్ని. మిషన్ మీద పని చేసుకుంటూనే రోజూ అరగంట అలా కూర్చునేవాళ్లం.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. తొమ్మిదో తరగతిలో ఇంగ్లిషు మేడమ్ సెలవు మీద వెళ్లారు. నెల రోజులు క్లాసు లేదు. నా పాత భయం మళ్లీ పట్టుకుంది. తల్లులం పదిమందిమి కలిసి ఒక అర్జీ రాసి, హెచ్చెమ్ గారితో సంతకం పెట్టించుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లాం. మూడుసార్లు తిరిగాక వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద పక్క ఊరి బడి నుంచి ఒక సార్‌ను వారానికి మూడు రోజులు పంపారు. పోస్టు ఖాళీ అయితే ఊరుకోకండి. నలుగురు వెళ్లి అడిగితే కదులుతుంది, మా విషయంలో కదిలింది.

మీ పాప ఎనిమిదిలోకి వస్తోంది కాబట్టి ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష తప్పకుండా రాయించండి. సర్కారు, జెడ్పీ, ఎయిడెడ్ బడుల్లో 8 చదివే పిల్లలకే ఆ అవకాశం. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు. మొత్తం 180 మార్కులు, అందులో సగం బుద్ధికి పదును పెట్టే ప్రశ్నలు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు పాప ఖాతాలోనే పడతాయి. ఏటా రెన్యువల్ చేయించాలి, అది మరిచిపోతే డబ్బు ఆగిపోతుంది. మా అమ్మాయికి వచ్చింది. పది తర్వాత అది పాలిటెక్నిక్‌లో చేరింది కాబట్టి రెండేళ్లే అందింది. డిప్లొమా చదివేవాళ్లకు అది వర్తించదు. ముందే తెలిసి ఉంటే మంచిది కదా అని చెబుతున్నాను.

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ, జెడ్పీ బడుల పిల్లలకు 4 శాతం, అంటే 600కు 24 మార్కులు కలుపుతారు. అయినా మా అమ్మాయికి సీటు రాలేదు. దాని క్లాసులోనే ఇంకో అమ్మాయికి వచ్చింది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మాత్రం ప్రైవేటులో చదివినా వస్తుంది, దాని కోసం బడి మార్చనక్కరలేదు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు ఆడపిల్లల టాయిలెట్ దగ్గరికి మీరే స్వయంగా వెళ్లి కుళాయి తిప్పి చూడండి. మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్తే ఇంకా మంచిది, పిల్లలు ఎంత వదిలేస్తున్నారో కనిపిస్తుంది.

పాత స్కూల్లో ఫీజు బాకీ అని టీసీ ఆపితే కంగారు పడకండి. 8 వరకు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. హెచ్చెమ్‌కు ఆ మాట చెప్పండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే చేర్చేయండి, పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం గుడ్డ ఉన్న కిట్టు మీ పాపకూ అందుతుంది. కుట్టించేటప్పుడు పొడవులో, నడుము దగ్గర మడతలోపల రెండు అంగుళాలు ఎక్కువ వదలమని టైలర్‌కు చెప్పండి. ఎనిమిది నుంచి తొమ్మిదికి వచ్చేసరికి ఆడపిల్లలు ఒక్కసారిగా పొడవవుతారు.