ముందు స్క్రీన్ కుదరనివ్వండి, కోర్సు మాట తర్వాత

ప్రశ్న: మా అబ్బాయి తాడేపల్లిగూడెంలో బీకాం రెండో ఏడాది చదువుతున్నాడు. వాడికి స్టార్‌గార్ట్ అనే కంటి జబ్బు ఉంది. అద్దాలతో సరయ్యేది కాదన్నారు. ల్యాప్‌టాప్ కొనిచ్చాం గానీ ముక్కు తెరకు ఆనించి చదువుతాడు, అరగంటకే తలనొప్పి అంటాడు. వాడికేమో బ్యాంకు ఉద్యోగం మీద ఆశ. కంప్యూటర్ మానిపించి, కళ్లతో పెద్దగా పనిలేని కోర్సు ఏదైనా చేర్పించమంటారా?

జవాబు: మానిపించకండి. షాపులోంచి ఎలా వచ్చిందో అలాగే ఆ ల్యాప్‌టాప్ వాడుతున్నాడని మీ ఉత్తరం చదివితే అర్థమైంది. ముందు దాని సంగతి చూద్దాం.

స్టార్‌గార్ట్‌లో దెబ్బతినేది చూపు నడిమి భాగం. పక్క చూపు సాధారణంగా నిలుస్తుంది. అందుకే వీధిలో మామూలుగా నడిచే పిల్లాడు పుస్తకం తెరిస్తే అక్షరం దొరక్క అవస్థ పడతాడు. తెరకు దగ్గరగా వెళ్లడం అక్షరం పెద్దగా కనపడాలని వాడు కనిపెట్టుకున్న ఉపాయం. దానివల్ల కళ్లు పాడవవు. తలనొప్పికి ఆ మెడ వంపు, తెల్లటి వెలుగు కారణం కావచ్చు, డాక్టర్ చెవిన మాత్రం వేయండి. ఇంకో మాట: చూపుకు మంచిదని ఎవరో చెప్పారని విటమిన్ ఎ మాత్రలు కొని ఇవ్వకండి. ఈ జబ్బులో అవి కీడు చేసే అవకాశం ఉంది.

ఇక బ్రౌజర్. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్‌కు వెళ్తే పేజ్ జూమ్ ఉంటుంది. 150తో మొదలుపెట్టి, వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నా చదవగలిగేదాకా పెంచమనండి. 500 శాతం వరకు వెళ్తుంది. అక్కడే కస్టమైజ్ ఫాంట్స్‌లో మినిమమ్ ఫాంట్ సైజ్ అని ఉంది, దాన్ని పెంచితే సైట్లలో చీమ తలకాయంత అక్షరాలతో రాసే షరతులు కూడా పెద్దవవుతాయి. ఏదైనా ఒక్క సైటు మొండికేస్తే కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కడమే. ఆ సైటుకు ఎంత పెట్టాడో క్రోమ్ గుర్తుపెట్టుకుంటుంది.

అయితే జూమ్ పెంచేకొద్దీ పేజీ పక్కకు జారుతుంది. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఇలాగే మూడు వందల శాతంలో ఒక అప్లికేషన్ నింపి, అయిపోయిందనుకుని మూసేసింది. సబ్మిట్ బటన్ కుడివైపు తెర అవతల ఉండిపోయింది! అందుకే ఫారం నింపాక కంట్రోల్ కీ పట్టుకుని మైనస్ నొక్కుతూ పేజీ మొత్తం తెరలో పట్టేదాకా తగ్గించి ఒకసారి చూసుకోవడం అలవాటు చేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అక్షరాలు మాత్రమే పెంచి బొమ్మలను అలాగే ఉంచే సెట్టింగ్ ఉంది, కొన్ని పాత సైట్లకు అదే నయం.

ఫోన్లో అయితే క్రోమ్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో 'ఫోర్స్ ఎనేబుల్ జూమ్' ఆన్ చేయండి. వేళ్లతో లాగినా పెద్దవి కానివ్వని సైట్లు కూడా అప్పుడు మాట వింటాయి.

తెలుగు చదవాల్సి వస్తే ఇంగ్లీషుకు పెట్టిన జూమ్ చాలదు. మనకు ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీతో చుక్కో, ఒత్తులేమో కింద ఇరుక్కుని ఉంటాయి. తెలుగు పేపర్ల సైట్లకు విడిగా ఇంకో మెట్టు పెంచుకోమనండి.

వెలుగు సంగతి కూడా చూడాలి. క్రోమ్‌లో డార్క్ మోడ్ పెట్టినంత మాత్రాన అన్ని సైట్లూ నల్లబడవు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద కాంట్రాస్ట్ థీమ్స్ ఉంటాయి. వాటిలో నైట్ స్కై లాంటిది పెడితే చాలా పేజీలు నల్ల నేల మీద లేత అక్షరాలుగా మారతాయి. అందరికీ నలుపే నప్పుతుందని లేదు, నాలుగూ మార్చి చూసి వాడే తేల్చుకోవాలి. మౌస్ బాణం ఎక్కడుందో వెతుక్కుంటుంటే దాని సైజు, రంగు మార్చే చోటు కూడా ఆ దగ్గర్లోనే ఉంది.

ఇవన్నీ కుదిరాక కూడా గంటల తరబడి కంటితోనే చదవమనకండి. ఎడ్జ్ బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కితే పేజీని చదివి వినిపిస్తుంది, తెలుగు గొంతులు కూడా ఉన్నాయి. పొడుగాటి పాఠం చెవితో, లెక్కలూ పట్టికలూ కంటితో: ఈ పంపకం చేసుకున్న పిల్లలు సాయంత్రానికి అలసిపోకుండా ఉండటం చూశాను. తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు మిత్రులు 2006లో మొదలుపెట్టింది. ఇప్పుడు అవసరం లేదని పక్కన పెట్టకండి. ఈ జబ్బులో చూపు ఇంకా తగ్గవచ్చు కాబట్టి, చదవగలుగుతున్న రోజుల్లోనే నేర్చుకోవడం తేలిక.

ఇప్పుడు అసలు చిక్కు, పరీక్ష హాలు. ఇంట్లో కుదుర్చుకున్నవేవీ అక్కడికి రావు. సొంత ల్యాప్‌టాప్ ఒప్పుకోరు. బ్యాంకు పరీక్షల్లో 'లో విజన్', అంటే చూపు బాగా తక్కువ ఉన్న అభ్యర్థులకు ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో చూసుకునే వీలు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇస్తున్నారు. కానీ స్క్రైబ్‌ను, అంటే తన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని పెట్టుకున్నవాళ్లకు ఆ పెద్ద అక్షరాల వీలు ఉండదని, ఈ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ నోటిఫికేషన్లలోనే రాస్తారు. చాలామంది ఆ లైను చూడరు, హాలుకు వెళ్లాక టెన్షన్ పడతారు. స్క్రైబా, పెద్ద అక్షరాలా అన్నది అప్లికేషన్ రోజు తేల్చుకునేది కాదు, ఆర్నెల్ల ముందు నుంచి మాక్ టెస్టులు రెండు రకాలుగానూ రాసి చూసుకోవాలి. పట్టికలు చూసి లెక్కలు కట్టే డేటా ఇంటర్‌ప్రిటేషన్ ప్రశ్నల దగ్గర మరీ జాగ్రత్త. పెద్ద జూమ్‌లో పట్టిక, ప్రశ్న ఒకే తెరలో పట్టవు. పట్టికలో కావలసిన అంకెలు ముందే కాగితం మీద పెద్దగా దించుకుని, ఆ తర్వాత ప్రశ్నకు వెళ్లడం సాధన చేయించండి.

వీటన్నిటికీ 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు కనీసం 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం చూపులేనివారికి, లో విజన్ వారికి. మీరు ఉత్తరంలో సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. "అది తీసుకుంటే పెళ్లి సంబంధాలకు అడ్డం" అని వెనకాడే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. మీరు అలా ఆగి ఉంటే మాత్రం, వాడికి హక్కుగా వచ్చే సమయాన్ని మీరే తీసేసినట్టు.

సెట్టింగులు ఒక్కరే కూర్చుని చేయలేకపోతే విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ లో విజన్ పునరావాస సేవల గురించి అడగండి, మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పుతారు.

బ్యాంకు కాకపోతే ఏంటన్నది కూడా మనసులో ఉంచుకోండి. వెబ్‌సైట్లు చూపు తక్కువవాళ్లకు పనికొస్తున్నాయో లేదో పరీక్షించే యాక్సెసిబిలిటీ టెస్టర్ ఉద్యోగాలు ఐటీలో ఉన్నాయి. మామూలు అక్షరాలకూ నేలకూ రంగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, 200 శాతం పెంచినా పేజీ పనిచేయాలి అని దానికి అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఆ సబ్మిట్ బటన్ కనపడక అప్లికేషన్ పోగొట్టుకున్న అమ్మాయి ఇప్పుడు అదే నేర్చుకుంటోంది.

నెల రోజులు ఇవి చేశాక మళ్లీ రాయండి, ఈసారి మీ అబ్బాయి చేతే రాయించండి. ఎంత జూమ్ దగ్గర ఆగాడు, మాక్ టెస్టులో గంటకు ఎన్ని ప్రశ్నలు చేశాడు, తలనొప్పి ఎన్నింటికి మొదలైంది, ఈ మూడూ చెప్తే బ్యాంకు క్లర్కా, పీఓనా (ప్రొబేషనరీ ఆఫీసర్), ఇంకోటా అన్నది అప్పుడు మాట్లాడదాం.