ఏఐ ముప్పు నిజమేనా? మిగతా ప్రపంచ సమస్యల మధ్య దానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలి?

ప్రశ్న: "నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను. ఏఐ వల్ల మానవజాతికే ముప్పు అంటున్నారు. ఇది నిజమేనా, లేక తిండికి లోటు లేని దేశాల వాళ్ళ భయమా? అణ్వాయుధాలు, మహమ్మారులు, వాతావరణ మార్పు ఉండగా దీన్ని ఎందుకు పట్టించుకోవాలి? వీటిలో దేని మీద పనిచేస్తే ఉపయోగం?"

ముప్పు నిజమే. అయితే ఏది పెద్దది, ఏది చిన్నది అని వాటిని వరుసలో నిలబెట్టే పని నేను పెట్టుకోను. హైదరాబాదులో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో చాలా ఏళ్ళుగా కల్చర్ రిపోర్టులు, అంటే రోగి నమూనాలో ఏ బాక్టీరియా పెరిగిందో చెప్పే రిపోర్టులు చూస్తున్నాను. ఏ ప్రమాదం గురించి విన్నా ఆ అలవాటు కొద్దీ నాకు రెండు ప్రశ్నలే తోస్తాయి. దీన్ని లెక్కపెడుతున్నది ఎవరు? ఆపగలిగే అధికారం ఎవరికి ఉంది? ఈ రెండింటికీ జవాబు లేని ప్రమాదమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

నాకు బాగా తెలిసినదానితో మొదలుపెడతాను. మీ జాబితాలో లేదు గానీ ఉండవలసిన సమస్య అది: యాంటీబయాటిక్ మందులకు బాక్టీరియా లొంగకపోవడం.

రోగి నమూనాలో పెరిగిన బాక్టీరియాను అగర్ ప్లేటు (వాటిని పెంచే జెల్లీ పోసిన పళ్ళెం) మీద దూదిపుల్లతో సమంగా రుద్ది, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలను దాని మీద దూరదూరంగా పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటరులో ఉంచుతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం ఒకటి ఏర్పడుతుంది. పొద్దున్నే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పట్టికతో సరిచూసి, మందు పేరుకు ఎదురుగా "ఎస్" అనో "ఆర్" అనో వేస్తాం. ఎస్ అంటే మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మొండి ఇన్‌ఫెక్షన్లకు దాచుకునే మెరోపెనెమ్ అనే మందుకు ఎదురుగా ఆర్ వేయవలసి వస్తే చెయ్యి ఆడేది కాదు. ప్లేటు పట్టుకెళ్ళి పెద్దవాళ్ళకు చూపించి, పరీక్ష మళ్ళీ మొదటినుంచి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఐసీయూ నుంచి వచ్చే క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా ప్లేట్లలో మీగడలాంటి జిగురు పొర ప్రతి బిళ్ళ అంచునూ తాకుతూ నిండుగా పరచుకుని ఉంటుంది. ఎవరూ ఎవరికీ చూపించరు. వరుసగా ఆర్‌లు వేసుకుంటూ పోతే చివర మిగిలేది కొలిస్టిన్. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసిన మందు అది. వేరే దిక్కు లేక మళ్ళీ బయటికి తీశారు.

2019లో ఇలా మందులకు లొంగని బాక్టీరియా నేరుగా బలి తీసుకున్నవాళ్ళు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది అని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. ఇతర కారణాలతో కలిసి ఇది పాత్ర వహించిన మరణాలు 49.5 లక్షలు. ఏ ఒక్క రోజూ పతాక శీర్షికకు ఎక్కని మరణాలివి. మరణ ధృవీకరణ పత్రంలో సెప్సిస్ అనో, న్యుమోనియా అనో ఉంటుంది.

ఇదేమీ హఠాత్తుగా వచ్చి పడలేదు. పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే దీన్ని కథలా చెప్పాడు. ఒకాయన గొంతు నొప్పికి తనే పెనిసిలిన్ కొని చాలీచాలకుండా వాడతాడు. సూక్ష్మజీవులు చావవు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవి ఆయన భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెనిసిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఎనభై ఏళ్ళ తర్వాత మా కాలనీ మందుల దుకాణంలో ఆ కథ మొదటి సగం ఏ సాయంత్రమైనా చూడవచ్చు. గొంతు నొప్పి అని ఒకాయన వస్తాడు, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మూడు బిళ్ళలు చాలంటాడు. దుకాణంలోని అబ్బాయి కత్తెర తీసి స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాడు. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని హెచ్చరించే ఎర్ర గీతను కూడా ఆ కత్తెర నిలువునా దాటిపోతుంది.

చట్టం లేక కాదు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితా, షెడ్యూల్ హెచ్1, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్ ఆ జాబితాలోనిదే. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు, ఎంత ఇచ్చారన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలని నిబంధన. ఆ రిజిస్టరు తెరిచి చూసేవాళ్ళు వస్తే కదా!

ఇక హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఫ్యాక్టరీల నుంచి ఎంత యాంటీబయాటిక్ బయటికి పోవచ్చో పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ప్రపంచానికి చవకగా మందులు అందిస్తున్నామన్న గర్వం నాకూ ఉంది. కానీ ఆ చవకలో కొంత భాగం మా ప్లేట్ల మీద తేలుతోంది.

ఏఐ గురించి అడిగితే ఈయన బాక్టీరియా పురాణం విప్పాడేమిటి అనుకుంటున్నారేమో, వస్తున్నాను. ఏఐ విషయంలో మనం దాదాపు 1945లో ఉన్నాం. తయారుచేసినవాళ్ళే హెచ్చరిస్తున్నారు. ఈనాటి ఏఐకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ నుంచి బయటికి వచ్చి స్వేచ్ఛగా మాట్లాడడం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఏఐ వల్ల మానవజాతి అంతరించే ప్రమాదాన్ని మహమ్మారులు, అణుయుద్ధంతో పాటు ప్రపంచ ప్రాధాన్యంగా పట్టించుకోవాలన్న ఒక్క వాక్యపు ప్రకటన మీద 2023 మేలో ఆయనతో పాటు మరో ఏఐ శాస్త్రవేత్త యోషువా బెంజియో, చివరికి ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ కూడా సంతకం పెట్టారు. సంతకాలు పెట్టి మళ్ళీ వెళ్ళి ఇంకా పెద్ద మోడళ్ళు కట్టుకుంటున్నారు, అది వేరే విషయం.

నా మట్టుకు నాకు ఇందులో రెండు రకాల ప్రమాదం కనిపిస్తుంది. మొదటిది ఇప్పటికే ఇంట్లోకి వచ్చేసింది: యంత్రం చెప్పింది కాబట్టి మనిషి చూడడం మానేయడం. మా ల్యాబులో ఇప్పుడు బాక్టీరియా పేరు, ఏ మందుకు లొంగుతుందన్నదీ తానే చెప్పే యంత్రం ఉంది. దాన్ని ఏఐ అనడం అతిశయోక్తి, కానీ మనుషుల మీద ప్రభావం అదే. ఒకసారి అది శుభ్రంగా అచ్చువేసి ఇచ్చిన రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు, మా సీనియర్ టెక్నీషియన్ అలవాటు ప్రకారం అసలు ప్లేటు తెప్పించుకున్నారు. మూత తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెండు రకాల కాలనీలు (బాక్టీరియా గుంపులు): ఒకటి మెరుస్తూ ఉబ్బెత్తుగా, దాని పక్కనే చిన్నగా, పొడిగా ఇంకొకటి. యంత్రానికి ఎక్కించింది మొదటిదాన్ని మాత్రమే. "ప్లేటు చూశావా బాబూ?" అని ఆవిడ కుర్రవాణ్ణి అడిగారు. అతని దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ప్లేటు చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు. గంటకు ఎన్ని రిపోర్టులు పంపావన్నదే అందరూ అడిగేది.

ఇదే పని ప్రభుత్వాల స్థాయిలో జరిగితే లక్షల మంది నలిగిపోతారు. తెలంగాణలో కంప్యూటరు లెక్కల ఆధారంగా, ఇళ్ళకు వెళ్ళి చూడకుండానే రేషను కార్డులు రద్దు చేశారన్న కేసులో, రద్దయిన 19 లక్షలకు పైగా కార్డులను క్షేత్రస్థాయిలో తనిఖీ చేయమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులను తప్పుగా మోసగాళ్ళని తేల్చినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. అక్కడా అనుమానితులను ఏరడంలో కంప్యూటరు ప్రోగ్రాముకు పాత్ర ఉంది. కనుక ఇది తిండికి లోటు లేనివాళ్ళ భయం కాదు. కార్డు పోయినవాళ్ళకు పోయింది తిండే.

రెండోది ఇంకా జరగలేదు, కానీ మీ చదువుకు దగ్గరిది. అమెరికాలో మందులు కనిపెట్టే ఒక చిన్న కంపెనీ తన ఏఐ మోడల్‌ను విషప్రభావం లేని అణువులు వెతకడానికి వాడుకుంటోంది. దాన్ని తలకిందులు చేస్తే ఏమవుతుందో చూద్దామని, విషం ఎక్కువగా ఉన్నవాటిని వెతకమన్నారు. ఆరు గంటలు కాకుండానే 40,000 అణువుల జాబితా వచ్చింది. అందులో వీఎక్స్ అనే నరాల విషం ఉంది. దానికంటే ప్రమాదకరమని మోడల్ అంచనా వేసిన కొత్తవీ ఉన్నాయి. వాళ్ళు వేటినీ తయారుచేయలేదు, సంగతి 2022లో ప్రచురించి హెచ్చరించారు. ఇలాంటి మోడళ్ళ సాయంతోనే 2020లో ఎంఐటీ పరిశోధకులు హాలిసిన్ అనే కొత్త యాంటీబయాటిక్ పదార్థాన్ని గుర్తించారని కూడా చెప్పాలి. నా ప్లేట్లను చూసేవాడిగా నాకు ఆ వార్త పండగ. రెండూ ఒకే పనిముట్టు.

2025లో ఆంత్రోపిక్, ఓపెన్‌ఏఐ అనే రెండు ఏఐ కంపెనీలూ తమ కొత్త మోడళ్ళు జీవాయుధాల విషయంలో ప్రమాదకరం కావచ్చునని, అదనపు కట్టడి పెడుతున్నామని స్వయంగా ప్రకటించాయి. చెప్పినందుకు సంతోషం. కానీ ఆ నిర్ణయం ఎవరిది? ప్రశ్నపత్రం తయారుచేసేవాడు, రాసేవాడు, దిద్దేవాడు ఒక్కడే అయిన పరీక్ష అది. యూరప్ ఏఐ చట్టం 2024లో అమల్లోకి వచ్చింది, భారీ జరిమానాలూ ఉన్నాయి. చాలా దేశాల్లో ఉన్నవి ఇంకా ప్రకటనలే. 2023లో బ్రిటన్‌లోని బ్లెచ్‌లీ పార్కులో భారత్, చైనా, అమెరికా సహా 28 దేశాలు ఒప్పుకున్న పత్రం మీద సిరా సరిగా ఆరకముందే, 2025లో పారిస్ సదస్సు ప్రకటన మీద సంతకం పెట్టడానికి అమెరికా, బ్రిటన్ రెండూ నిరాకరించాయి.

అయినా ఏఐని ముందే పట్టించుకోవాలని నేను అనడానికి ఒక కారణం ఉంది. యాంటీబయాటిక్ అమ్మే దుకాణాలు మన దేశంలోనే లక్షల్లో ఉన్నాయి, ఆలస్యమైపోయింది. అత్యాధునిక ఏఐకి కావలసిన చిప్పులు ప్రధానంగా తయారయ్యేది తైవాన్‌లో. వాటిని ముద్రించే యంత్రాలు చేసేది నెదర్లాండ్స్‌లో ఒకే ఒక్క కంపెనీ. అన్నిటికంటే పెద్ద మోడళ్ళు కట్టే సంస్థలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తనిఖీ చేయదలచుకుంటే ఎక్కడికి వెళ్ళాలో తెలిసిన దశ ఇది. మోడల్ ఒకసారి ఇంటర్‌నెట్‌లో అందరి చేతికీ వెళ్ళాక వెనక్కి తెచ్చే మార్గం లేదు.

అణ్వాయుధాల గురించి నాకు పత్రికలు చదివినంతే తెలుసు. ఒక్క మాట: అణ్వాయుధ ప్రయోగ నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలని 2024 నవంబరులో పెరూ రాజధాని లిమాలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఒప్పుకున్నారు. అంత కనీస విషయానికి కూడా ఒప్పందం కావలసి వచ్చిందంటే ఈ సమస్యలు వేరువేరు గదుల్లో లేవని అర్థం. వాతావరణ మార్పు తక్కువది అనను. 2015 వేసవిలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే వాళ్ళలో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వాళ్ళే. కానీ అక్కడ లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు, రంగంలో మనుషులూ ఉన్నారు.

మార్పు సాధ్యమేనా అంటే కేరళను చూడండి. 2018లో సొంత కార్యాచరణ ప్రణాళిక పెట్టుకుని, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాల మీద 2024లో దాడులు చేశారు. అమ్మకాలు తగ్గాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కొత్త శాస్త్రం ఏమీ కనిపెట్టలేదు. రిజిస్టరు తెరిచి చూశారు, అంతే.

ఇక మీ సంగతి. అమీర్‌పేటకు వెళ్ళి మూడు నెలల ఏఐ కోర్సులో చేరకండి. ఆ వరుస ఇప్పటికే చాలా పొడుగ్గా ఉంది. బయోటెక్నాలజీ తెలిసి, ఏఐ అంటే బెదరకుండా, నిబంధనల పత్రం ఓపికగా చదవగలిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. మురుగునీటిలోని సూక్ష్మజీవుల మీద నిఘా ఒక దారి. 2020లో కోవిడ్ ఎంతవరకు పాకిందో అంచనా వేయడానికి ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ హైదరాబాదు మురుగునీటినే పరీక్షించాయి. డీఎన్ఏను ఆర్డరు మీద తయారుచేసి అమ్మే కంపెనీల దగ్గర, ఎవరు ఏ జన్యుక్రమం అడుగుతున్నారో చూసి ప్రమాదకరమైనవాటిని వడపోసే పని ఇంకొకటి. ఏఐ ముప్పు చేతికి చిక్కే ఇరుకు దారి అదే: మోడల్ ఎంత చెప్పినా వైరస్‌ను కొత్తగా కట్టాలంటే సాధారణంగా ఎక్కడో ఒకచోట డీఎన్ఏ కొనాలి. ఆ వడపోత చాలా దేశాల్లో ఇంకా స్వచ్ఛందమే. డ్రగ్ ఇన్‌స్పెక్టరు కావాలనుకుంటే మాత్రం మీ డిగ్రీ సరిపోదు, సాధారణంగా ఫార్మసీ చదవాలి.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. 1989 నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి పరిశోధన చేసే ప్రతి సంస్థలోనూ బయోసేఫ్టీ కమిటీ, అంటే ఆ పరిశోధన సురక్షితంగా జరుగుతోందా అని చూసే కమిటీ ఉండాలి. మీ కాలేజీలో అలాంటి పరిశోధన జరుగుతుంటే ఆ కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో కనుక్కోండి. సమావేశంలో విద్యార్థిగా వెనక కూర్చోనిస్తారేమో అడగండి. మొదట వింతగా చూస్తారు. తర్వాత మినిట్సు రాసే పని మీకే అప్పగించినా ఆశ్చర్యం లేదు, అప్పగిస్తే కాదనకండి.